చప్పుడు లేని సామాను

తలుపు హ్యాండిల్ ఊడి నా చేతిలోకి వచ్చింది, తలుపు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది, అద్దానికి అవతల చెవులబ్బాయి తల సౌండు మిక్సర్ మీద వాలిపోయి ఉంది. ఇవన్నీ కళ్లెదురుగా పెట్టుకుని కూడా నా బుర్ర ఇంకా ఆ ముందు సంగతి దగ్గరే తచ్చాడుతోంది, ఇందాకటి కేక బాగుందో లేదో ఇతను చెప్పనే లేదు కదా అని. ఇరవై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది. నేను ఈ డబ్బింగ్ గదిలో మైకు ముందు నిలబడి అరుస్తాను, అతను అద్దం అవతల కూర్చుని రికార్డు చేస్తాడు, బొటనవేలు పైకి లేస్తే సరిపోయినట్టు, అరచెయ్యి అడ్డంగా ఊగితే మళ్లీ అరవాలి. ఇవాళంతా అరచెయ్యే ఊగింది. ఈ సినిమా దర్శకుడికి కావలసింది పాడుబడ్డ మేడలో ఎక్కడో మూల గదిలో చిక్కుకున్న ఆడమనిషి కేకట, దూరంగా వినపడాలట, అలాగని చిన్నగా ఉండకూడదట. మైకుకి వీపు పెట్టి అరిచాను, గది మూలకి మొహం పెట్టి అరిచాను, దుప్పటి ముసుగేసుకుని అరిచాను. ఆఖరిదాని తర్వాత బొటనవేలూ లేవలేదు, అరచెయ్యీ ఊగలేదు. అలిగాడేమో అనుకుని అద్దం దగ్గరికి వెళ్లి చూశాను. మెడంతా చెమట పట్టి మెరుస్తోంది, హెడ్‌ఫోన్లు చెవులకి అలాగే ఉన్నాయి, పక్కన భోజనం డబ్బా మూత తియ్యకుండా ఉంది. షుగర్ మనిషి. తినే ముందు వేసుకునే ఇన్సులిన్ సూది నా ఎదురుగానే పొట్టకి పొడుచుకున్నాడు, "ఈ ఒక్క టేకూ అయ్యాక తింటానక్కా" అన్నాడు, ఆ ఒక్క టేకు ఎంతకీ అవలేదు. సూది పడి తిండి పడకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. మా నాన్న ఇలాగే కుర్చీలోంచి జారిపోతే అమ్మే ఆయన నోట్లో చక్కెర పోసి మనిషిని మనిషిగా కూర్చోబెట్టింది. నాన్నకి పక్కన అమ్మ ఉంది. ఇతని పక్కన ఎవరూ లేరు, ఉన్న ఒక్కదాన్నీ నేను గోడకి ఇవతల హ్యాండిల్ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఈ హ్యాండిల్ సంగతి మా ఇద్దరికీ తెలియనిది కాదు. వదులైపోయి చాలా రోజులైంది. లోపలి నుంచి నేను తీయడం మానేసి అద్దం మీద తడితే అతనే లేచి వచ్చి బయటి నుంచి తీస్తున్నాడు. "రేపు స్క్రూ బిగిస్తానక్కా" అంటాడు, ఆ రేపు మాకింకా రాలేదు. అన్ని మీటలున్న మిక్సర్ని కళ్లు మూసుకుని నడుపుతాడు గానీ ఒక్క స్క్రూ బిగించడానికి చేతులు రావు. కంగారులో నేను ఊడినదాన్ని మళ్లీ గుచ్చబోయాను, లోపలున్న నాలుగు పలకల ఇనప కడ్డీ అవతలికి జారి, బయటి హ్యాండిల్‌తో సహా తివాచీ మీద పడిపోయింది. పడిన చప్పుడైనా నాకు వినపడలేదు. ఎలా వినపడుతుంది, చప్పుడు ఇటూ అటూ పోకూడదనే కదా ఇంత ఖర్చు పెట్టి ఈ గది కట్టారు, గోడలకి దూది, తలుపు చుట్టూ రబ్బరు, అద్దం వెనక ఇంకో అద్దం. ఇందులో ఏనుగు ఘీంకరించినా బయట నడవలో పిల్లి కూడా తల తిప్పదు. పైగా ఇవాళ సెలవు. కింద గేటు దగ్గర వాచ్‌మన్, పై అంతస్తులోకి సామాను చేరవేసుకుంటున్న కొత్తవాళ్లెవరో, ఇంతే జనం. నా ఫోను బయట బల్ల మీద సంచిలో ఉంది. గదిలోకి ఫోను తేకూడదు, మైకులో జుయ్యిమంటుంది. తాళంచెవులు తేకూడదు, చిల్లర తేకూడదు, గలగలలాడేది ఏదీ ఒంటి మీద ఉండకూడదు. మైకు ముందుకి వచ్చే మనిషి గొంతు తప్ప ఇంకేమీ లేకుండా రావాలి. మా పనిలో మొదటి నియమం అదే.

అలాగని నా గొంతుని నేనేమీ తక్కువ చేసుకోను. కథానాయికకి మాటలు చెప్పే అమ్మాయి వేరే ఉంటుంది, తేనె లాంటి గొంతు, అరిస్తే ఎక్కడ విరుగుతుందోనని అందరికీ భయం, అందుకని మాటలన్నీ ఆమెవి, కేక ఒక్కటే నాది. ఆ ఒక్కటీ లేకపోతే ఆ మాటలన్నీ ఎందుకు పనికొస్తాయో వాళ్లనే చెప్పమనండి. పాముని చూసిన కేక వేరు, శవాన్ని చూసిన కేక వేరు, మేడ మీంచి పడేవాళ్ల కేక పొడుగ్గా పోతూ పోతూ చివర తెగాలి, గదిలో చిక్కుకున్నవాళ్ల కేక మాత్రం ప్రతిసారీ కొంచెం ఆశతో మొదలవ్వాలి, అది చాలామందికి తెలియదు. నన్ను వెనకాల కేకలక్క అంటారు, ముందర కూడా అదే అంటారు, నాకేం నామోషీ లేదు. మా పాపని బళ్లో మీ అమ్మ ఏం చేస్తుంది అని అడిగితే "అరుస్తుంది" అందట, ఎప్పుడూ అంటే "పొద్దున్నుంచీ సాయంత్రం దాకా" అందట. టీచరు మా ఆయన్ని పిలిపించి ఇంట్లో అంతా బాగానే ఉందా అండీ అని నెమ్మదిగా అడిగింది. ఆయన నవ్వు ఆపుకోలేక ఆ కుర్చీలో కూర్చోలేకపోయాడట. నిజానికి ఇంట్లో నేను గొంతెత్తను. పాదం మీంచి బొద్దింక పోయినా ఎత్తలేదు. కాన్పు గదిలో నర్సు "అరవమ్మా, ఫరవాలేదు" అని బతిమాలుతుంటే పక్కనున్న మా అమ్మ "అది ఊరికే అరవదు లెండి, డబ్బులిస్తేనే" అంది. విందులకి వెళ్తే ఒక్కసారి అరిచి చూపించండి అని అడుగుతారు, నవ్వి ఊరుకుంటాను. దర్జీ కనపడితే ఇక్కడే ఒక జేబు కుట్టిపెట్టమని అడుగుతారా ఎవరైనా?

అడగరు. ఆ మాటకొస్తే ఇప్పుడు నేను ఊరికే అరిచినా ఒరిగేదేమీ లేదు. ఈ గదిలోంచి నా గొంతు పోయే దారి ఒక్కటే, మైకులోంచి తీగలోంచి తిన్నగా అతని చెవుల్లోకి. ప్రపంచం మొత్తం మీద నేను అరిస్తే వినేది ఆ ఒక్క మనిషి. సోలిపోయిన మనిషి చెవిలో ఆ కేక పెడితే లేస్తాడో, ఉన్న కాస్త తెలివీ చెదిరిపోతుందో ఎవరు చూడొచ్చారు. మైకు దగ్గరికి వచ్చి పాపని నిద్ర లేపే గొంతుతో అన్నాను, "తమ్ముడూ, నేనే. వినపడుతుంటే వేలు కదుపు." ఏమీ లేదు. మళ్లీ అన్నాను. అతని చెవుల గురించి లోకమంతా చెప్పుకుంటుంది, నలభై దాటినా ఆ చెవుల వల్లే చెవులబ్బాయిగా ఉండిపోయాడు, ఒకసారి నా కడుపులో ఆకలి గుర్రుమంటే అద్దం అవతల విని రికార్డింగ్ ఆపి టీ తెప్పించాడు. నా ఆకలి విన్నవాడు తన ఆకలి వినలేదు చూడండి. మూడోసారి పిలిచాక మిక్సర్ అంచు మీద చూపుడువేలు లేచి పడింది. లేచింది, నేను చూశాను. అంటే తెలివి ఉంది, నోట్లో పోస్తే మింగగలడు, నేను ఆ గోడ అవతలికి చేరితే చాలు.

నా చెయ్యి అప్పటికే నడుము దగ్గరికి పోయింది. మైకు ముందుకి ఏమీ తేకూడదన్న ఆ మొదటి నియమాన్ని నేను ఏళ్ల తరబడి తప్పుతూనే ఉన్నాను, ఒక్కరూ పట్టుకోలేకపోయారు. చొక్కా కింద నడుం చుట్టూ అమ్మ కుట్టిన పట్టీ ఉంది. ఉన్నిగుడ్డ రెండు పొరలుగా వేసి, ఏ వస్తువుకి ఆ వస్తువు ఒళ్లు కొలిచి, దానికి సరిపడా అర కుట్టింది. లోపల ఇనుముంది గానీ ఒకటి ఇంకోదానికి తగలదు, ఊగదు, మోగదు. వీటిని అమ్మ బయటపడే సామాను అంటుంది. నేను ఈ పనిలో చేరేముందు ఈ గది చూస్తానని వచ్చింది, గోడలు తట్టి చూసింది, తలుపు రెండుసార్లు వేసి తీసింది, ఏమీ అనకుండా ఇంటికెళ్లి మిషను ముందు కూర్చుంది. "తలుపన్నాక రెండు వైపులుంటాయే. మనం ఉన్న వైపు కూడా తలుపే" అంటూ నా నడుము కొలిచింది. మా ఆయన దొంగతనానికా అని ఆటపట్టించేవాడు, ఒకరోజు స్నానాలగది గడియ బిగుసుకుపోయి తలుపు సందులోంచి నా స్క్రూడ్రైవర్ అడిగి తీసుకున్నాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. చెవులబ్బాయికి మాత్రం నేనే గొప్పకి పోయి చెప్పాను, నా ఒంటి మీద కత్తెరుంది, నీకు ఇన్నాళ్లూ వినపడలేదు అని. నమ్మలేదు. నడవమన్నాడు, నడిచాను. గెంతమన్నాడు, గెంతాను. చప్పుడు కొలిచే మీటరు ముల్లు కదల్లేదు. హెడ్‌ఫోన్లు తీసి చొక్కాకి తుడిచి మళ్లీ పెట్టుకుని ఇంకోసారి గెంతమన్నాడు. ఆ తర్వాత "అమ్మగారిని ఇక్కడ ఉద్యోగంలో పెట్టుకోవాలక్కా" అన్నాడు, నా ఛాతీ ఆ రోజంతా రెండంగుళాలు పైకే ఉంది. "అంతా బాగానే ఉంది గానీ ఇదంతా దేనికి, తలుపుందిగా" అని కూడా అన్నాడు. ఉంది నాయనా, ఇదిగో, మోకాళ్ల మీద కూర్చుని దాని ముందే ఉన్నాను.

కడ్డీ పోయిన చోట నలుచదరంగా కన్నం ఉంది, అందులోంచి అవతలి వెలుతురు కనపడుతోంది. వేలెడు టార్చి పళ్లతో పట్టుకుని చూశాను. ఆ కన్నాన్ని తిప్పితే గడియ నాలుక వెనక్కి పోతుంది, తలుపు వస్తుంది, అంతే సంగతి, చెప్పుకోవడానికి ఎంత తేలిక. టార్చి తీసి కన్నం కిందగా నేల మీద పెట్టి మైకు వైపు గొంతు పెంచి చెప్పాను, "తమ్ముడూ, కత్తెర మూసి కన్నంలో పెట్టాను, ఇప్పుడు తిప్పుతున్నాను, నువ్వు వింటూ ఉండు, నిద్రపోకు." ఏం చేస్తే అది చెబుతూ పోయాను. ఎప్పుడూ ఎవరిదో భయాన్ని అరిచే నోరు నా చేతులు చేస్తున్న పని మాటల్లో చెబుతోంటే వింతగా ఉంది, ఇన్నేళ్లలో ఈ మైకు నా దగ్గర ఇన్ని మాటలు వినలేదు. కత్తెర కొంచెం తిరిగింది, స్ప్రింగు బిగువుగా ఉంది, మొన జారి పక్కకి వచ్చేసింది. మళ్లీ పెట్టాను, మళ్లీ జారింది. మూడోసారి గట్టిగా ఒత్తితే మొన వంగింది. అద్దంలోంచి చూస్తే అతని మోచెయ్యి మిక్సర్ అంచు నుంచి దిగజారుతోంది, పిలిస్తే వేలు లేవడం ఆలస్యమవుతోంది. స్టూలు ఎత్తి అద్దాన్ని కొట్టాలనిపించింది, కానీ ఆ స్టూలు కిర్రుమనకూడదని మెత్తతో చేయించిందే, అద్దమేమో రెండు పొరలు. మా గదిలో దేన్ని ముట్టుకున్నా మర్యాదే.

ఇక్కడ నా చోట అమ్మ ఉంటే ఏం చేసేది. అమ్మ ఉంటే ఈపాటికి తలుపు గోడకి ఆనించి ఉండేది. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది, గుండీల గదిలోకి గుండీలకని వెళ్తే సూపర్‌వైజరు లోపల మనిషి ఉన్నదీ లేనిదీ చూడకుండా తాళం వేసుకుని సెలవులకి పోయాడు. మిషను స్క్రూడ్రైవర్ ఎప్పుడూ నడుముకి దోపుకునే అలవాటు ఉండబట్టి, తాళం జోలికే పోకుండా, బందుల స్క్రూలు ఒక్కొక్కటే విప్పి, తలుపుని జాగ్రత్తగా తీసి గోడకి జారేసి, విప్పిన స్క్రూలు ఒక గుండీల డబ్బాలో పెట్టి, పైన చీటీ అంటించి మరీ ఇంటికొచ్చింది. సెలవులయ్యాక సూపర్‌వైజరు తాళం పగలగొట్టావా అని కేకలేస్తే "తాళం అలాగే ఉంది చూసుకోండి సార్, తలుపే పక్కకి తప్పుకుంది" అంది. ఆ మాట ఫ్యాక్టరీ అంతా చెప్పుకున్నారు. మీ అమ్మని నరకంలో వేసినా సాయంత్రానికి ఇంటికొచ్చేస్తుందే అని నాన్న అందరి ముందూ అనేవాడు, ఆ అనడంలో ఎంత మురిపెమో. నాకు ఈ తలుపు బందులు అందవు, అవి బయటి వైపు ఉన్నాయి. కానీ అమ్మ చెప్పింది ఇంకోటి ఉంది, పట్టీ కట్టే రోజున, ప్రతి వస్తువూ అరలో పెడుతూ చెప్పింది. "ఒక్కటి చాలకపోతే తిట్టుకోకు, ఇంకోదాన్ని తోడు పంపు." కత్తెర ఒక్కటే కన్నంలో వదులుగా ఆడుతోంది, జారేది అందుకే. కత్తెర పక్కన స్క్రూడ్రైవర్ని ఇరికించాను. రెండూ కలిసి కన్నం నిండా పట్టాయి. సన్న నైలాను దారం పట్టీలో ఉండనే ఉంది, రెంటినీ కలిపి బిగించి చుట్టి, ఊడిన హ్యాండిల్ ఉందే, అదే, దాన్నే ఆ కట్ట మధ్య అడ్డంగా దూర్చి పట్టుగా చేసుకున్నాను. "తమ్ముడూ, ఇప్పుడు తిరుగుతుంది" అన్నాను. తిరుగుతుందని నాకు తెలుసు. అమ్మ లెక్క తప్పిన రోజు లేదు. మణికట్టు నొప్పి పుట్టేదాకా తిప్పాను, లోపల ఏదో వెనక్కి జరిగింది, భుజంతో తోశాను, రబ్బరు ముద్దు పెట్టుకున్నట్టు చప్పుడు చేసి తలుపు వదిలేసింది.

అవతలి గదిలో మిక్సర్ ఫ్యాన్ చప్పుడు ఎంత గట్టిగా ఉందో. అతని పక్కన మోకాళ్ల మీద కూర్చుని గడ్డం పట్టుకుని తల ఎత్తాను. పట్టీలో ఆఖరి అరలో చక్కెర పొట్లం ఉంటుంది, ఎప్పటికప్పుడు అమ్మే మారుస్తుంది, ఇది సామాను ఎలా అవుతుందని నేను వాదిస్తే "బయటపడ్డానికి ఓపికుండొద్దూ" అంది. అతని బల్ల మీది నీళ్లలో కలిపి పెదాల దగ్గర పెట్టాను. "తమ్ముడూ, మింగు." మింగాడు. ఇంకొంచెం మింగాడు, సగం గడ్డం మీదుగా కారింది. సంచిలోంచి ఫోను తీసి ఆంబులెన్సుకి చెప్పాను. ఈలోగా అతను కుర్చీలోంచి పక్కకి జారిపోతున్నాడు, నా బలం చాలడం లేదు, నేలకి దించి గోడకి ఆనించి, అప్పుడు అతని మొహం వంక చూశాను. తెల్లగా ఉంది. పెదాలు ఏదో అనబోయి ఆగిపోతున్నాయి. అప్పటిదాకా చేతులకి పని ఉండబట్టి భయపడటానికి నాకు తీరిక లేదు. ఇప్పుడు తీరిక దొరికింది. ఇరవై ఏళ్లుగా నా ప్రతి కేకకీ ముందుగా చెవొగ్గిన మనిషి, నా దగ్గు బట్టి వాతావరణం చెప్పే మనిషి, పోతాడేమో అనిపించింది. నడవ తలుపు తెరిచి, గుమ్మంలో నిలబడి, అరిచాను.

ఏ కేకో నాకు తెలియదు. పాము కేక కాదు, మేడ కేక కాదు. నేర్చుకున్నది ఏదీ కాదు. నడవంతా నిండి, మెట్లు ఎక్కి దిగి, ఎక్కడెక్కడికో తగిలి నా దగ్గరికే తిరిగొచ్చింది. ముందు కింద గేటు గొళ్లెం మోగింది. తర్వాత పైనుంచి దబదబా అడుగులు. కొత్తగా దిగినవాళ్లలో ఒక పెద్దాయన ఊడదీసిన మంచం కాలు ఒకటి భుజాన వేసుకుని, దొంగల్ని చితక్కొట్టే ఊపులో వచ్చాడు. వాచ్‌మన్ చెప్పులు మెట్ల మీదే వదిలేసి వచ్చాడు. "ఎవరమ్మా, ఎవరు పొడిచారు?" అన్నాడు ఆయాసంతో. ఇన్నేళ్లు ఇన్ని కేకలు వేశాను, ఒక్కసారీ ఒక్క మనిషీ పరిగెత్తుకు రాలేదు. ఇవాళ వచ్చారు. ఎవరూ పొడవలేదు, ఇతన్ని పట్టుకోండి అని చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆంబులెన్సు వాళ్లు వచ్చి వేలు గుచ్చి చూసి, ఇంకాస్త తీపి తాగించి, ఆస్పత్రికి వచ్చి చూపించుకోవాల్సిందేనన్నారు. సమయానికి చక్కెర పడిందన్నారు. మంచం కాలాయన డబ్బా మూత తీసి తినిపించడానికి కూర్చున్నాడు. చెవులబ్బాయికి రంగు తిరిగి వచ్చింది. రంగు రాగానే చేసిన మొదటి పని, చెయ్యి చాచి మిక్సర్ వైపు చూపించడం. రికార్డింగ్ నడుస్తూనే ఉంది. మనిషి పడిపోయినా మిషను పడిపోలేదు. స్ట్రెచర్ సర్దుతుంటే ఒక్క నిమిషం అని వాళ్లని బతిమాలి, ఒక చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని నాచేత రికార్డింగ్ వెనక్కి తిప్పించాడు. విన్నాడు. నేను చెబుతూ పోయిన మాటలన్నీ, కత్తెర గీరుకోవడం, నా ఊపిరి, తలుపు రబ్బరు. "పట్టీ చప్పుడు మాత్రం ఎక్కడా లేదక్కా" అన్నాడు నీరసంగా. ఉండదు, ఎవరు కుట్టింది అది. తర్వాత అతని కళ్లు పెద్దవయ్యాయి, తెరిచిన రెండు తలుపుల్లోంచి నడవ కేక లోపలి మైకుకి అందింది. బొటనవేలు లేచింది.

"దూరం సరిగ్గా కుదిరిందక్కా. దర్శకుడికి కావలసింది ఇదే. టేకు ఓకే."

"చెరిపెయ్."

"పిచ్చా అక్కా, ఇలాంటిది మళ్లీ రాదు."

"రావద్దు. ఆయనకి రేపు ఇంకోటి అరిచి ఇస్తాను, డబ్బులు తీసుకుని. అది నీకోసం అరిచిన కేక తమ్ముడూ. దాన్ని అమ్ముకోను."

అతను పైకి చెయ్యి చాచి మీట నొక్కాడు. ముల్లు సున్నాకి పడిపోయింది. వాళ్లు అతన్ని మెట్ల మీదుగా దింపుతుంటే వెనకే నడిచాను, మొన వంగిన కత్తెరని దాని అరలో పెట్టుకుంటూ. సాయంత్రం అమ్మకి చూపించాలి.